కోనసముద్రం ఉక్కు, కర్బన నానోనాళం



అశోక్‌నగర్ శిక్షణ కేంద్రాలలోని విద్యార్థులనడిగినా, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీపరీక్షలకు చదువుకొనే పిల్లలనడిగినా, నానోపదార్థానికి నిర్వచనం తడుముకోకుండా చెప్పుదురు: ఏదో ఒక కొలతలో 1 నుండి 100 నానోమీటర్ల లోపు ఉండేది. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. నిర్వచనం సరే. ఈ కథలో తెలుగునేల పాలెంత?

నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో పూర్వం కమ్మరులు ఇనుమును మూసలలో కరిగించి, మెల్లగా చల్లార్చి ఉక్కుదిమ్మలు తీసేవారు. 19వ శతాబ్ది తొలిపాదంలో హెన్రీ వాయ్సీ ఆ పనిని చూచి వ్రాశాడు. పారశీక వర్తకులు దానిని కొనుటకై అంతదూరం వచ్చేవారు. తెలుగు, కన్నడాలు రెండింటా ఉన్న 'ఉక్కు' శబ్దమే ఆంగ్లేయుల నోట 'ఊట్జ్' అయినదని పలువురి అభిప్రాయం.

ఆ ఊట్జ్‌ను పరీక్షించినవారిలో మైకేల్ ఫారడే ఒకడు. 1819లో దాని విశ్లేషణను ప్రచురించాడు. ఆయనే 1833లో వేడిచేసిన కొద్దీ సిల్వర్ సల్ఫైడులో విద్యుత్తు సులువుగా పారుటను గమనించాడు. అర్ధవాహక లక్షణాన్ని గుర్తించిన తొలి పరిశీలనలలో అదొకటి. 1857లో బంగారపు అతిసూక్ష్మ కణాలు ద్రవానికి కెంపురంగు నిచ్చుటను వివరించాడు. ఉక్కు, అర్ధవాహకం, నానోకణం: మూడూ ఒకే మనిషి బల్లమీదికి వచ్చినవి.

2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రజ్ఞులు 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తి ముక్కను ఆమ్లంలో కరిగించి చూడగా కర్బన నానోనాళాలు కనిపించినవని ప్రకటించారు. అటువంటి కత్తులకు ముడిసరుకు ఊట్జ్ దిమ్మలే. ఇది విని 'నానోశాస్త్రం మనవారికి ముందే తెలుసు' అనుట తొందరపాటు. ఆ కత్తికి ఉక్కు ఏ ఊరినుండి పోయెనో ఎవరూ చెప్పలేరు. కమ్మరికి తెలిసినది మంట రంగు, చల్లార్చే తీరు, నాళం కాదు. చేతికి తెలిసినదంతా శాస్త్రం కాదు, కాని చేతికి తెలిసినది తక్కువదీ కాదు.

నానోనాళాన్ని 1991లో జపాను శాస్త్రజ్ఞుడు సుమియో ఇజిమా లోకానికి స్పష్టంగా చూపాడు. కర్బనపు పలకను చుట్టిన తీరునుబట్టి అది లోహంగానో, అర్ధవాహకంగానో ప్రవర్తిస్తుంది. 1998లో దానితో ట్రాన్సిస్టరు చేశారు. 2013లో స్టాన్‌ఫర్డ్‌వారు 178 ట్రాన్సిస్టర్లతో చిన్న కంప్యూటరు, 2019లో ఎమ్.ఐ.టి.వారు 14,000కు మించిన ట్రాన్సిస్టర్లతో ప్రాసెసరు నిర్మించారు. లోహగుణం గల నాళాలు కలిసిపోతే స్విచ్చి పూర్తిగా ఆరదు. వాటిని ఏరివేయుటే పెద్ద చిక్కు.

కోనసముద్రం విద్య తండ్రి చేతినుండి కొడుకు చేతికి పోయినదేగాని, తాటాకుపైకి ఎక్కలేదు. కొలిమి ఆరగానే విద్యా ఆరినది. చివరకు దానిని మనకు మిగిల్చినది వాయ్సీ ఆంగ్లంలో వ్రాసిన నాలుగు పుటలవంటివే. నేటి శాస్త్రం ఆంగ్లంలో భద్రంగానే ఉన్నది. దానిని తెలుగులో వ్రాయకుంటే మన పిల్లలకు నిర్వచనం మిగులును, విద్య మిగలదు. నారాయణగూడ నుండి న్యూజెర్సీ వరకు తెలుగులో వ్రాయు మిత్రులారా, మీకు తెలిసిన శాస్త్రమునుండి ఒక్క పుటైనా వ్రాయండి.