గ్రంథం వెంట గురువు



మన రాజవొమ్మంగి పేరు చరిత్రకెక్కింది 1922 ఆగస్టు 24న. ఆ రోజు అల్లూరి సీతారామరాజు మన పోలీసు స్టేషను మీద దాడి చేశారు. దానికి రెండు రోజుల ముందు చింతపల్లి స్టేషనులో తీసుకున్న ఆయుధాలకు ఆయన లెక్క రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లారు. శత్రువు సొత్తుకైనా లెక్క చెప్పే ఆ గుణాన్నే మనం అఖ్లాఖ్ అంటాం. అది పిల్లలకు ఎక్కడినుంచి అబ్బుతుంది?

ఈమధ్య మన ఇళ్లలో ఒక మాట వినబడుతోంది: "ఖుర్ఆన్ ఫోన్‌లోనే నేర్చుకోవచ్చు కదా, మక్తబ్ ఎందుకు, ఉస్తాద్‌కు జీతం ఎందుకు?" 2020లో కరోనా వచ్చి మస్జిదులు మూతపడినప్పుడు ఎన్నోచోట్ల ఫోనే పాఠం చెప్పింది. ఆ మేలు మరువరాదు.

విద్య ఏ దారిన వచ్చినా స్వీకరించడం మనకు కొత్త కాదు. క్రీ.శ. 624లో బద్ర్ యుద్ధ ఖైదీలలో చదువు వచ్చినవారు పదేసిమంది పిల్లలకు రాత నేర్పి విడుదల పొందారు. మన తెలుగులో ఖుర్ఆన్‌ను మొదట అనువదించిన చిలుకూరి నారాయణరావుగారు ముస్లిం కారు. ఆ అనువాదం 1925లో వెలువడింది.

అయితే ఇంకో సంగతీ ఉంది. హజ్రత్ ఉస్మాన్ (రజి) ఖుర్ఆన్ ప్రతులు రాయించి పట్టణాలకు పంపినప్పుడు, వాటి వెంట చదివి నేర్పే ఖారీలను కూడా పంపారని చరిత్రకారులు చెబుతారు. 1866లో దేవ్‌బంద్‌లో ఒక మస్జిదు ఆవరణలో, దానిమ్మ చెట్టు నీడన, ఒక ఉస్తాద్, ఒక విద్యార్థితో మదర్సా మొదలైంది. దాన్ని నిలబెట్టినవి సామాన్యుల చందాలు.

ఫోన్ ఉచ్చారణ దిద్దగలదు. పిల్లవాడు నాలుగు రోజులు కనబడకపోతే ఇంటికొచ్చి, "ఏం నాయనా, ఒంట్లో బాగులేదా?" అని అడగలేదు. వాడు అబద్ధమాడితే మొహం చూసి పట్టుకోలేదు. పక్కవాడితో తగాదాపడితే ఇద్దరిచేతా సలాం చెప్పించలేదు. ఇవన్నీ ఉస్తాద్ చేసేవి, జమాత్ పెద్దలు చేసేవి.

కనుక మా మనవి ఇదీ: ఫోన్‌ను ఉండనివ్వండి. మగ్రిబ్ తర్వాత మాత్రం పిల్లల్ని మక్తబ్‌కు పంపండి, ఆడపిల్లల్ని కూడా. ఉస్తాద్ జీతంలో ప్రతి ఇంటి వంతూ ఉండాలి, అది పది రూపాయలైనా సరే. మక్తబ్ దీపం ఒకసారి ఆరితే మళ్లీ వెలిగించడం కష్టం.

అల్లాహ్ మనకు ఆ తౌఫీఖ్ ప్రసాదించుగాక! ఆమీన్.