ముఖ్యమంత్రి మాట, గవర్నర్ సంతకం: మన ఏజెన్సీలో ఎవరి రాత చెల్లింది?



పోయిన వారం మా హాస్టల్లో రాత్రి అన్నాలయ్యాక పెద్ద వాదన నడిచింది. డీఎడ్ చదివిన మా సీనియర్ అన్న ఒకాయన మమ్మల్ని చూడ్డానికి వచ్చాడు. మాట జీవో 3 మీదకి మళ్ళింది. "ముఖ్యమంత్రి తలుచుకుంటే ఒక్క సంతకంతో తిరిగొస్తుంది రా" అన్నాడాయన. మాలో గ్రూప్స్‌కి చదివే ఒకడు "సంతకం ముఖ్యమంత్రిది కాదన్నా, గవర్నర్‌ది" అన్నాడు. ఇంకొకడు ఊరుకోలేదు. "గవర్నర్ సొంతంగా ఏం పెడతాడు, ముఖ్యమంత్రి పంపితేనే కదా!" పన్నెండు దాటినా తేలలేదు. అందుకే మేము నలుగురం కూర్చుని, దొరికిన పుస్తకాలు, తీర్పులు తిరగేసి ఇది రాస్తున్నాం. పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

పోటీ పరీక్షల పుస్తకాల్లో ముఖ్యమంత్రి అంటే మూడు ఆర్టికల్స్. 163, 164, 167. అసెంబ్లీలో మెజారిటీ ఉన్న నాయకుణ్ణి గవర్నర్ నియమిస్తాడు, ఆ ముఖ్యమంత్రి సలహా ప్రకారం మిగతా మంత్రుల్ని నియమిస్తాడు, మంత్రివర్గం అంతా కలిసి అసెంబ్లీకి జవాబు చెప్పాలి, నిర్ణయాలన్నీ ముఖ్యమంత్రి గవర్నర్‌కి తెలపాలి. మైదానంలో ఉన్నవాళ్ళకి ఇంతవరకు చాలు. మనకి చాలదు. ఎందుకంటే ఎన్నికైన నాయకుడు అనేవాడు మన కొండల్లోకి చాలా ఆలస్యంగా వచ్చాడు, వచ్చినప్పుడు కూడా తిన్నగా రాలేదు.

"ఏజెన్సీ" అనే మాట మనం రోజూ అంటాం. అది ఎక్కడిదో మాలో ముగ్గురికి తెలియదు. 1839లో కంపెనీ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల్ని మామూలు కోర్టుల కిందనుంచి తీసేసి కలెక్టర్‌కి అప్పగించింది. ఆ పనిలో ఉన్నప్పుడు కలెక్టర్‌కి "గవర్నర్ ఏజెంట్" అని పేరు. ఆ ఏజెంట్ ఏలిన ప్రాంతం ఏజెన్సీ. అంటే మన ప్రాంతం పేరులోనే గవర్నర్ మనిషి ఉన్నాడు. మన తాతముత్తాతలకి ప్రభుత్వం అంటే ఆ ఒక్క దొరే. పన్నూ ఆయనే, జైలూ ఆయనే, తీర్పూ ఆయనే. 1917లో మద్రాసు ప్రభుత్వం కొండవాళ్ళ భూమిని బయటివాళ్ళకి రాసివ్వకూడదని, వడ్డీకి హద్దు ఉండాలని ఒక చట్టం చేసింది. అందులో కూడా ఏజెంట్ ఒప్పుకుంటే అమ్మొచ్చు అనే కిటికీ వదిలారు. ఆ కిటికీలోంచి ఎంత భూమి పోయిందో మీ ఊరి పెద్దల్ని అడగండి.

1920లో మద్రాసు రాష్ట్రంలో ఎన్నికలు జరిగాయి. ఎన్నికైన మంత్రులు వచ్చారు. 1921 నుంచి 1926 దాకా ముఖ్యమంత్రిగా ఉన్న పానగల్ రాజా తెలుగువాడే. కానీ అప్పటి చట్టంలో మన ప్రాంతాలు "వెనుకబడిన ప్రాంతాలు". 1935 చట్టంలో పేరు మారి "పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు" అయ్యాయి. విశాఖ ఏజెన్సీలో ఒరిస్సాకి పోగా మిగిలిన భాగం, తూర్పు గోదావరి ఏజెన్సీ రెండూ ఆ జాబితాలోనే. 1937లో రాజాజీ మద్రాసు ప్రధానమంత్రి అయ్యాడు. అవును, అప్పట్లో రాష్ట్ర నాయకుణ్ణి కూడా ప్రధానమంత్రి అనే పిలిచేవాళ్ళు. ఆయన శాసనసభ చేసిన చట్టం బెజవాడలో తనంతట తానే అమలవుతుంది. పాడేరులో కావాలంటే మాత్రం గవర్నర్ వేరుగా ఉత్తర్వు ఇవ్వాలి.

మా గదిలో దీని మీద రెండు మాటలున్నాయి. మనల్ని అడవి మనుషులుగా చూసి ఓటుకి దూరం పెట్టారు కదా అని ఒకరం. మైదానం షావుకార్లు, జమీందార్లు నిండిన ఆ శాసనసభ చేతిలో పడకపోవడమే మంచిదయిందేమో అని ఇంకొకరం. రెండూ నిజమే అనిపిస్తుంది మాకు.

గోదావరికి అవతల నైజాంలో అయితే ఈ గొడవే లేదు. ఎన్నికైన నాయకుడే లేడు. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం ప్రాణం పోయాకే నిజాం ప్రభుత్వానికి గోండుల, కోలాముల భూమి గుర్తొచ్చింది. హైమెండార్ఫ్‌ని పిలిపించి పరిశోధన చేయించారు, 1946లో గిరిజన ప్రాంతాల నిబంధన తెచ్చారు. 1950లో హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అని పేరు పెట్టుకుని వచ్చిన వెల్లోడి కూడా ఎన్నికైనవాడు కాదు, ఢిల్లీ వేసిన ఐసీఎస్ అధికారి. ప్రజలు ఓటేసి తెచ్చుకున్న మొదటి ముఖ్యమంత్రి 1952లో బూర్గుల రామకృష్ణారావు. ఇటు 1953లో ఆంధ్ర రాష్ట్రానికి ప్రకాశం పంతులు, 1956లో రెండూ కలిశాక నీలం సంజీవరెడ్డి.

ఇక రాజ్యాంగం. 1950 జనవరి 26తో అందరికీ ఓటు వచ్చింది, మనకీ వచ్చింది. దాంతోపాటు ఐదో షెడ్యూల్ వచ్చింది. అందులో ముఖ్యమంత్రి అనే మాట వెతికాం, ఎక్కడా లేదు. ఉన్నదంతా గవర్నరే. ఏ చట్టం మన ప్రాంతంలో వర్తించాలో, వర్తించకూడదో, ఏ మార్పులతో వర్తించాలో ఆయన నోటిఫికేషన్ ఇవ్వొచ్చు. భూమి బదలాయింపు మీద, వడ్డీ వ్యాపారం మీద రెగ్యులేషన్లు చేయొచ్చు. దానికి ముందు గిరిజన సలహా మండలిని సంప్రదించాలి, తర్వాత రాష్ట్రపతి ఆమోదం పొందాలి. మండలిలో ఇరవై మందికి మించకుండా సభ్యులు, వాళ్ళలో సుమారు ముప్పావు వంతు అసెంబ్లీలోని ఎస్టీ ఎమ్మెల్యేలు. మొదటి ముసాయిదాలో ఈ మండలి చేతికి ఇంకా బలం ఉండేది. 1949 సెప్టెంబర్‌లో రాజ్యాంగ సభలో చర్చకి వచ్చేసరికి అది సంప్రదింపుల మండలిగా తగ్గింది. జైపాల్ సింగ్ ముండా ఆ రోజే నిలబడి తన అసంతృప్తి చెప్పాడు.

అంటే బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి గవర్నర్ కలం అలాగే ఉంచి, దాని వెనక ఎన్నికైన మంత్రివర్గాన్ని నిలబెట్టారు. గవర్నర్ మామూలుగా మంత్రివర్గం సలహా మీదే నడవాలని 1974లో షంషేర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి కాగితం మీద పేరు గవర్నర్‌ది, ఫైలు కదిలేది ముఖ్యమంత్రి దగ్గర. మా హాస్టల్లో ఇద్దరూ గెలిచారన్నమాట.

కానీ ఫైలు ఎప్పుడు కదులుతుంది? దీనికి జవాబు శ్రీకాకుళంలో ఉంది.

1959లో ఆంధ్ర ప్రాంత ఏజెన్సీకి భూ బదలాయింపు రెగ్యులేషన్ వచ్చింది. 1963లో తెలంగాణకి కూడా వర్తింపజేశారు. రెండుసార్లూ ముఖ్యమంత్రి సంజీవరెడ్డే. చట్టం మంచిదే, కానీ దాన్ని అమలు చేసే నియమాలు రాసేసరికి 1969 వచ్చింది. పదేళ్ళు! ఆ పదేళ్ళలో పార్వతీపురం కొండల్లో సవరలు, జాతాపులు తమ పొలంలో తామే పాలేర్లుగా ఉన్నారు. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్ గిరిజన సంఘం సభకి వెళ్తున్నవాళ్ళ మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. తర్వాత ఏం జరిగిందో మీకు తెలిసిందే. వెంపటాపు సత్యం మాస్టారు, ఆదిభట్ల కైలాసం, వందల మంది పేరు లేనివాళ్ళు.

ఆ మంటల మధ్యలోనే 1970 ఫిబ్రవరి 3న 1/70 అమల్లోకి వచ్చింది. ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి, గవర్నర్ ఖండూభాయ్ దేశాయ్. ఒక చేత్తో పోలీసు క్యాంపులు, ఇంకో చేత్తో ఈ రెగ్యులేషన్. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గరనుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. గిరిజనేతరులు తమలో తాము కూడా అమ్ముకోకూడదు. 1988లో సుప్రీంకోర్టు దీన్ని నిలబెట్టింది. బ్రహ్మానందరెడ్డికి మన మీద ప్రేమ పుట్టి తెచ్చాడని మేము అనం. తెచ్చింది ఆయన ప్రభుత్వమే అన్నది కూడా దాచం.

తెచ్చిన కుర్చీయే సడలించాలని కూడా చూసింది. 1979లో చెన్నారెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా 129 నంబరు జీవో ఇచ్చారు. ఐదెకరాల మాగాణి, పదెకరాల మెట్ట లోపు ఉన్న గిరిజనేతరుల్ని ఖాళీ చేయించొద్దని దాని సారం. హైకోర్టు అడ్డుకుంది. కారణం చూడండి: రెగ్యులేషన్ రాష్ట్రపతి దాకా వెళ్ళి వచ్చిన కాగితం, జీవో సచివాలయంలో రాసుకున్న కాగితం. చిన్నది పెద్దదాన్ని కొట్టలేదు.

ఇది మనకి లాభమైన లెక్క. ఇదే లెక్క జీవో 3 దగ్గర మన మీదకే తిరిగింది.

1986లో ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో 275 నంబరు జీవోతో ఏజెన్సీ టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే అన్నారు. 1989లో ట్రిబ్యునల్ కొట్టేసింది. 2000 జనవరి 10న, చంద్రబాబు ముఖ్యమంత్రి, రంగరాజన్ గవర్నర్‌గా ఉన్నప్పుడు జీవో 3 వచ్చింది, నూటికి నూరు శాతం మనకే అని. ఇరవై ఏళ్ళు నడిచింది. మన ఇళ్ళలో మొదటి జీతం చాలామందికి దాంతోనే వచ్చింది. మాలో ఇద్దరికి అక్షరాలు నేర్పింది ఆ టీచర్లే, మన భాషలోనే కసిరి మరీ నేర్పారు. 2020 ఏప్రిల్ 22న, లాక్‌డౌన్‌లో అందరం ఊళ్ళలో సిగ్నల్ కోసం చెట్లెక్కుతున్న రోజుల్లో, ఐదుగురు జడ్జీల సుప్రీంకోర్టు బెంచ్ దాన్ని కొట్టేసింది. నూరు శాతం కుదరదంది. గవర్నర్ ఆ అధికారంతో చట్టాల వర్తింపు మార్చొచ్చు గానీ ఉద్యోగ నియమాల్ని మార్చలేడంది. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ళని మాత్రం తీసేయలేదు.

కాబట్టి అన్నకి మా జవాబు: ముఖ్యమంత్రి ఒక్క సంతకంతో పాత జీవో తిరిగి రాదన్నా. వచ్చినా మళ్ళీ కోర్టులో పడుతుంది. అడగాల్సింది ఇంకో జీవో కాదు. సలహా మండలిలో తీర్మానం, కోర్టు చెప్పిన హద్దుల్లో నిలిచేలా చట్టమో రెగ్యులేషనో. దాన్ని కదిలించాల్సింది మాత్రం ముఖ్యమంత్రే.

"మనోడే ముఖ్యమంత్రి అయితే?" అని ఒక తమ్ముడు అడిగాడు. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ ఇప్పటిదాకా ఒక్క ఆదివాసీ ముఖ్యమంత్రి లేడు. పక్క రాష్ట్రాల్లో ఉన్నారు. 1969లో మధ్యప్రదేశ్‌లో గోండు రాజు నరేశ్‌చంద్ర సింగ్ పదమూడు రోజులు చేశాడు. 1999లో ఒడిశాకి గిరిధర్ గమాంగ్, మన సవరే, ఏడాది కూడా నిండలేదు. కేంద్రంలో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయిన రోజు, ముఖ్యమంత్రి అయ్యి కూడా ఎంపీ పదవి వదలకుండా వెళ్ళి ఓటేసింది ఈయనే.

జార్ఖండ్ కథ ఇంకా ఆలోచించాల్సింది. 2000 నవంబర్ 15న, బిర్సా ముండా పుట్టినరోజున రాష్ట్రం ఏర్పడింది, బాబూలాల్ మరాండీ మొదటి ముఖ్యమంత్రి. తర్వాత వచ్చినవాళ్ళూ వరసగా ఆదివాసీలే. 2014లో రఘుబర్ దాస్ వచ్చాడు, ఆదివాసీ కాని మొదటి ముఖ్యమంత్రి. 2016లో ఆయన ప్రభుత్వం ఛోటానాగ్‌పూర్, సంతాల్ పరగణా కౌలు చట్టాల్ని సవరిస్తూ బిల్లులు పాస్ చేసింది. సాగు భూమిని వేరే అవసరాలకి వాడుకోవచ్చు అని. ఊళ్ళకి ఊళ్ళు రోడ్డెక్కాయి. 2017లో గవర్నర్ ఆ బిల్లుల్ని తిప్పి పంపారు, ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. ఆ గవర్నర్ ద్రౌపది ముర్ము. ఎన్నికైన ముఖ్యమంత్రి భూమి చట్టం సడలించబోతే, ఢిల్లీ నియమించిన గవర్నర్ ఆపింది. 1839 నాటి ఆ దొర కలం మొదటిసారి ఒక సంతాల్ ఆడబిడ్డ చేతిలో పడితే ఇలా రాసింది.

ఇంకో చిన్న సంగతి. మధ్యప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్‌లలో గిరిజన సంక్షేమానికి మంత్రి తప్పకుండా ఉండాలని 164వ ఆర్టికల్‌లోనే రాసి ఉంది. మన రెండు రాష్ట్రాల పేర్లు అందులో లేవు. మన దగ్గర ఆ మంత్రి ఉన్నారంటే ముఖ్యమంత్రి పెట్టారు కాబట్టి ఉన్నారు.

చివరగా ఒక పని. మీ నియోజకవర్గం ఎమ్మెల్యే సలహా మండలిలో ఉన్నారో లేదో కనుక్కుని కింద కామెంట్‌లో పెట్టండి. మండలి చివరి సమావేశం ఎప్పుడు జరిగిందో, అందులో టీచర్ పోస్టుల మాట వచ్చిందో అడగండి. 1/70 కింద భూమి తిరిగొచ్చిన ఇళ్ళు ఉంటే ఆ ఆర్డర్ కాగితం తేదీ, ఏ అధికారి ఇచ్చారో రాయండి, పట్టాదారు పేరు వద్దు. మా గదిలో జాతాపు తమ్ముడి తాత దగ్గర ఒకటి ఉంది. ట్రంకు పెట్టెలో చీర మడతలో దాచాడట, సగం చెదలు తిన్నాయి, తేదీ మాత్రం మిగిలింది. సంక్రాంతి సెలవులకి వెళ్ళినప్పుడు ఫోటో తెస్తానన్నాడు.