జనాభా లెక్కల్లో దొరకని ఇంటిపేర్లు

మా తామరైపాక్కం కుశస్థలి నది ఒడ్డున ఉంది. తమిళంలో కొసస్తలై ఆరు అంటారు. 1868లో దొరలు ఇక్కడ ఆనకట్ట కట్టి, ఏటి నీటిని షోళవరం చెరువుకు మళ్లించారు. అక్కణ్ణించి ఆ నీళ్లు రెడ్ హిల్స్ చెరువులో చేరి మద్రాసు దాహం తీర్చాయి. మూడేళ్ల తర్వాత, 1871 నవంబరులో, మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా జనాన్ని లెక్కపెట్టారు. అప్పుడు మనది చెంగల్పట్టు జిల్లా.

మన పూర్వీకులు ఆ లెక్కల్లో ఉన్నారు, పేర్లతో మాత్రం కాదు. ఇంటింటా రాసుకున్న కాగితాలు మొత్తాలు కూడడం వరకే పనికొచ్చాయి, ఆ తర్వాత వాటిని దాచలేదు. అచ్చయిన నివేదికల్లో కులాలు, వృత్తులు మిగిలాయి. 1881 నుంచి మాతృభాష లెక్క కూడా చేరింది. జిల్లాలో తెలుగు మాట్లాడేవాళ్లు ఎందరో అందులో తెలుస్తుంది. ఏ కుటుంబం ఎక్కణ్ణించి వచ్చిందో తెలియదు.

అంతకు వందేళ్ల ముందే, 1767 నుంచి 1774 దాకా, బర్నార్డ్ అనే ఇంజనీరు అప్పట్లో చెంగల్పట్టు జాగీరు అనే ఈ ప్రాంతపు గ్రామాలన్నీ కొలిపించాడు. ఊరి కరణాలు తాటాకుల మీద రాసిన లెక్కల్లో ఇళ్లు, వృత్తులు, చెరువులు, మాన్యాలు ఊరివారీగా ఉన్నాయి. పాత ఊళ్ల రూపం చూడాలంటే ముందు వెతకాల్సినవి ఆ లెక్కలే.

తెలుగువాళ్లు ఈ సీమకు రావడం అంతకన్నా పాతమాట. విజయనగర పాలనలో నాయకులు, సైనికులు, రైతులు, వర్తకులు దక్షిణానికి వచ్చి స్థిరపడ్డారు. 1639లో మద్రాసు స్థలాన్ని ఇంగ్లీషువాళ్లకు ఇచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు తెలుగువాడే. ఆయన సోదరుడు అయ్యప్ప ఉండేది మనకు దగ్గరే ఉన్న పూందమల్లిలో.

ఈ వలసల ఆనవాళ్లు ఇంకా ఇళ్లలో ఉన్నాయి. తమిళనాట పేరుకు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరమే పెడతారు. కాబట్టి బడి రిజిస్టరులో, రేషన్ కార్డులో మన ఇంటిపేరు కనబడదు. పెళ్లి సంబంధం కుదిరినప్పుడు మాత్రం పెద్దలు మొదట అడిగేది అదే. చాలా ఇంటిపేర్లు ఊరిపేర్లే. పూర్వీకులు ఏ ఊరు విడిచి వచ్చారో చెప్పే జాడ అవి.

అందుకే ఊరివాళ్లందరికీ నా మనవి. ఇంటిపేరు, గోత్రం, ఇలవేల్పు, తాతలు చెప్పిన పాత ఊరు, ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. పెట్టెల్లోని పాత దస్తావేజులను పారేయకండి. 2027 జనగణనకు లెక్క రాసేవాళ్లు వచ్చినప్పుడు మాతృభాష తెలుగు అని చెప్పండి, పిల్లల చేత కూడా చెప్పించండి. భాషను ఆ లెక్క నిలబెడుతుంది. ఇంటిపేరును నిలబెట్టాల్సింది మనమే.