కేసు ఫైలు నుంచి కంప్యూటర్ తెర దాకా

మన దేశంలో సమాజ కార్యంలో వృత్తి శిక్షణ 1936లో బొంబాయిలో మొదలైంది. క్లిఫోర్డ్ మాన్‌షార్ట్ తొలి సంచాలకుడిగా ఏర్పడిన సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్, 1944లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అయింది. ఆనాటి విద్యార్థి పనిముట్లు కలం, కాగితం, నడిచే కాళ్లు.

కేసు రికార్డు రాసే పద్ధతికి పునాది మేరీ రిచ్‌మండ్ 1917లో వెలువరించిన 'సోషల్ డయాగ్నసిస్'. సేవార్థి చెప్పిందీ, బంధువులు చెప్పిందీ, కాగితాల్లో ఉన్నదీ విడివిడిగా తూచి చూడమంటుంది ఆ గ్రంథం. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరపడుతుంది.

టెలిఫోను మన వృత్తిలో గట్టిగా నిలబడింది 1996లో. ఆ సంవత్సరమే ముంబయిలో పిల్లల సహాయవాణి 1098 ప్రారంభమైంది. దానికి పదేళ్ల తరువాత, 2006 ఫిబ్రవరి 2న, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. మన రాష్ట్రంలో మస్టర్ల వివరాలు కంప్యూటర్‌కెక్కాయి. సామాజిక తనిఖీ బృందాలు ఆ వివరాలను ఊళ్లకు తీసుకెళ్లి, ఇంటింటికీ తిరిగి, కూలీ చెప్పినదానితో సరిపోల్చి, గ్రామసభలో చదివి వినిపించేవి. నా దృష్టిలో మన సమాజ కార్య విద్యార్థికి అసలైన డిజిటల్ పాఠశాల అదే. టైపింగు ఎవరైనా నెలలో నేర్చుకుంటారు. తెర మీది అంకెను మనిషి మాటతో తూచడం రిచ్‌మండ్ చెప్పిన పనే.

ఆధార్ వచ్చాక ఈ పని మరింత కష్టమైంది. పార పట్టి అరిగిన వేలిముద్ర యంత్రానికి అందదు. రేషన్ కార్డులో 'లక్ష్మమ్మ', ఆధార్‌లో 'లక్ష్మి' అయితే దరఖాస్తు ఆగిపోతుంది. "సిస్టమ్ తీసుకోవడం లేదమ్మా" అని తిప్పి పంపడం గుమాస్తాకు చెల్లుతుంది, మీకు చెల్లదు. ఏ దశలో ఆగింది, ఎవరు సరిచేయగలరు, తిరస్కరణకు రాతపూర్వక కారణం ఇచ్చారా అని మీరు అడగాలి.

ఒక అనుభవం చెబుతాను. బాలల సంరక్షణ గృహంలో క్షేత్రకార్యం చేస్తున్న మా విద్యార్థి ఒకడు నివేదికతోపాటు పిల్లల ఫోటోలను తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అలాంటి పిల్లల గుర్తింపును బయటపెట్టడాన్ని 2015 నాటి బాల న్యాయ చట్టం, సెక్షన్ 74, నిషేధిస్తుంది. ఫోటోలు జతచేయమని అడిగింది నేనే. చట్టం గురించి మాత్రం చెప్పలేదు. అతడు వెంటనే తొలగించాడు. అప్పటికే అవి ఎన్ని ఫోన్లలోకి వెళ్లాయో మాకు తెలియలేదు.

అభ్యాసం: మీ క్షేత్రకార్య డైరీ, మీ ఫోను రెండూ ముందు పెట్టుకోండి. సేవార్థిని గుర్తుపట్టించే వివరాలు దేనిలో ఎన్ని ఉన్నాయో లెక్కించి, వాటిని ఎవరెవరు చూడగలరో రాయండి.