ఆమెని అడిగారా?

2022 ఆగస్టు 15న గోధ్రా సబ్‌జైలు నుంచి పదకొండు మంది బయటికొచ్చారు. 2002లో బిల్కిస్ బానోపై సామూహిక అత్యాచారం చేసి, ఆమె కుటుంబ సభ్యుల్ని చంపిన నేరానికి యావజ్జీవ శిక్ష పడినవాళ్ళు. గుజరాత్ ప్రభుత్వం వాళ్ళ శిక్ష తగ్గించింది. బయట వాళ్ళకి దండలు వేశారు, మిఠాయిలు తినిపించారు. ఆ దండల గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. నాకు మాత్రం రెండు రోజుల తర్వాత బిల్కిస్ ఇచ్చిన చిన్న ప్రకటనే ఎక్కువ గుర్తుండిపోయింది. ఇంత పెద్ద నిర్ణయం తీసుకునే ముందు తన భద్రత గురించి ఎవరూ అడగలేదని ఆమె అంది.

శిక్ష తగ్గించేటప్పుడు శిక్ష వేసిన కోర్టు జడ్జి అభిప్రాయం తీసుకోమంటుంది చట్టం. పోలీసు, జైలు అధికారుల అభిప్రాయాలూ ఆ ఫైల్లో చేరతాయి. ఆమె అభిప్రాయానికి మాత్రం అందులో చోటు లేదు.

శిక్షపడిన మగవాళ్ళలో ఎక్కువమంది ఏదో ఒకరోజు బయటికొస్తారు. వచ్చాక ఎక్కడుంటారు? ఎవరు కనిపెట్టుకుని ఉంటారు? ఆ సంగతి ఆమెకెవరు చెబుతారు? అమెరికాలో ఈ ప్రశ్నలకి యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. అది మనం చదవాల్సిన స్త్రీల చరిత్ర.

1970ల మొదట్లో బర్కిలీలో, వాషింగ్టన్‌లో స్త్రీలు అత్యాచార బాధితుల కోసం సహాయ కేంద్రాలు పెట్టుకున్నారు. ఆస్పత్రిలో, కోర్టులో ఆమె పక్కన కూర్చునేవాళ్ళు. నేరస్థుల జోలికి వాళ్ళు పోలేదు. తమకి దక్కాల్సిన డబ్బూ శ్రద్ధా మళ్ళీ మగవాళ్ళకే పోతాయన్న అనుమానం న్యాయమైనదే. మరోవైపు షరతుల మీద బయట ఉండే నేరస్థుల్ని చూసుకునే ప్రొబేషన్, పెరోల్ అధికారులుండేవాళ్ళు. వాళ్ళకి ఆ మగవాడు మాత్రమే తెలుసు. అతనికి చికిత్స చేసే థెరపిస్టు అతని రహస్యాల్ని కాపాడేవాడు. ఇలా తలా ఒక ముక్క తెలిసి, ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోకపోతే లాభం ఎవరికి? రహస్యం మీదే బతికే నేరం ఇది.

కొలరాడోలో కిమ్ ఇంగ్లిష్, సుజాన్ పుల్లెన్, లిండా జోన్స్ అనే ముగ్గురు స్త్రీలు అనేక రాష్ట్రాల్లో ఈ పని ఎలా జరుగుతోందో పరిశీలించి 1996లో ఒక పుస్తకం తెచ్చారు. అధికారీ, థెరపిస్టూ, పాలిగ్రాఫ్ పరీక్ష చేసేవాళ్ళూ కలిసి నేరస్థుడి చుట్టూ కంచెలా నిలబడాలన్నారు. అతని రహస్యాలు ఈ ముగ్గురి మధ్యా దాగకూడదు. అన్నిటికంటే ముందు, తీసుకునే ప్రతి నిర్ణయమూ బాధితురాలి క్షేమం నుంచి మొదలవ్వాలన్నారు.

అదే కాలంలో అక్కడ ఇంకో దారి కూడా తెరుచుకుంది. పోయిన పిల్లల పేర్లతో చట్టాలొచ్చాయి. 1994లో జేకబ్ వెటర్లింగ్ చట్టం, 1996లో మేగన్ చట్టం. నేరస్థుల జాబితా, వాళ్ళ చిరునామాలు అందరికీ తెలియాలన్నది వీటి సారం. వీటి వెనుక తల్లిదండ్రుల దుఃఖం నిజమైనది. అయితే తండ్రి పేరు బయటపెడితే ఆ ఇంటి కూతురు ఎవరో ఊరంతటికీ తెలిసిపోదా? మన దగ్గరైనా నమోదయ్యే అత్యాచారం కేసుల్లో ఏటా పదింట తొమ్మిదికి పైగా నిందితుడు ఆమెకి తెలిసినవాడే. ముక్కూమొహం తెలియని రాక్షసుణ్ణి ఊహించి రాసిన చట్టం ఇంట్లో ఉన్నవాడిని చూడదు. జాబితాల కోసం పోరాడిన జేకబ్ తల్లి పాటీ వెటర్లింగే తర్వాత వాటి అతిని బహిరంగంగా ప్రశ్నించింది.

కనెక్టికట్‌లో చేసింది దీనికి భిన్నం. అక్కడ ప్రొబేషన్ ప్రత్యేక విభాగాల్లోనే బాధితుల తరఫు కార్యకర్తలకి చోటిచ్చారు. అతను ఇల్లు మారినా, ఇంటికి తిరిగొస్తానని అడిగినా ఆమెకి ముందు తెలియాలి. ఆమె ఏమంటుందో విన్నాకే అధికారి నిర్ణయించాలి. ‘నాకేమీ చెప్పొద్దు, నన్నొదిలెయ్యండి’ అంటే ఆ మాటా వినాలి. అతని రహస్యాలు ఈ జట్టులో దాగవు, ఆమె చెప్పుకున్నవి మాత్రం ఆమె అనుమతి లేకుండా గడప దాటకూడదు. చట్టానికి పేరు కావడం ఒకటి, నిర్ణయం జరిగే గదిలో కుర్చీ దొరకడం మరొకటి.

ఇందులో అన్నీ మనకి నప్పుతాయని నేననను. వ్యక్తి ఒప్పుకోకుండా పాలిగ్రాఫ్ చెయ్యడం రాజ్యాంగ విరుద్ధమని మన సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో చెప్పింది. ఆ పరీక్ష ఎంత నమ్మదగిందన్నదీ వివాదమే. ఇంకో భయం కూడా ఉంది. ‘అందరూ కలిసి కనిపెట్టుకోవాలి’ అన్నమాట మన ఇళ్ళలోకొస్తే ఆ కాపలా భార్య మీదో, తల్లి మీదో పడుతుంది. వాడు మళ్ళీ తప్పు చేస్తే ‘నువ్వేం చూస్తున్నావ్?’ అని ఆమెనే అడుగుతారు.

మనం ఎంచుకున్నవేమిటి? 2018 సెప్టెంబరులో లైంగిక నేరస్థుల జాతీయ జాబితా మొదలైంది. దాన్ని చూసే వీలు పోలీసులకీ దర్యాప్తు సంస్థలకే. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో విచారణ లేకుండానే నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చేశారు. వారానికే ఆంధ్రప్రదేశ్ శాసనసభ, చనిపోయిన అమ్మాయికి పెట్టిన దిశ అన్న పేరుతోనే బిల్లు చేసింది. ఇరవై ఒక్క పనిదినాల్లో తీర్పు, ఉరి. ఆ బిల్లు అమల్లోకి రాలేదు. మళ్ళీ పేరే మిగిలింది. బతికున్న ఆమె రేపు అదే వీధిలో అతనికి ఎదురుపడితే ఏం చెయ్యాలన్న ఆలోచన వీటిలో దేనికీ లేదు.

2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ పదకొండు మంది విడుదలని రద్దు చేసింది. బిల్కిస్ కంటే ముందు సుభాషిణి అలీ, రేవతి లాల్, రూప్‌రేఖా వర్మ కోర్టు తలుపు తట్టారు. ఆ నెలలోనే పదకొండు మందీ గోధ్రా జైలుకి తిరిగి వెళ్ళారు. కానీ ఆ తీర్పు ప్రధానంగా నిలబడింది విడుదల చేసే అధికారం గుజరాత్ ప్రభుత్వానికి లేదన్న కారణం మీద. అధికారం ఉన్న ప్రభుత్వమే రేపు ఇంకెవరినో వదిలితే ఆమెని అడగాలా, వద్దా? ఆమెకి ముందుగా చెప్పాల్సిందెవరు? మన ఉద్యమం శిక్ష కోసం ఎంతో కొట్లాడింది. శిక్ష ముగిశాక ఏమిటన్నది కూడా మన ప్రశ్నే.