తాతగారి ముక్కు – రొజేషియా వ్యాధి చరిత్ర



ప్యారిస్ నగరంలోని లూవ్ర్ మ్యూజియంలో ఒక చిత్రపటం ఉంది. 1490 ప్రాంతంలో ఫ్లోరెన్స్ చిత్రకారుడు డొమెనికో గిర్లాండాయో వేసినది. ఎర్ర దుస్తుల్లో ఒక తాతగారు, ఆయన గుండె మీద చెయ్యి వేసి ముఖంలోకి చూస్తున్న మనవడు. తాతగారి ముక్కు ఉబ్బిపోయి బుడిపెలు కట్టి ఉంటుంది. రొజేషియా అనే చర్మవ్యాధి ముదిరినప్పుడు కొందరికి ముక్కు అలా అవుతుందని వైద్యులు చెబుతారు.

ఈ వ్యాసం రాయడానికి ఒక కారణం ఉంది. మా సెక్షన్‌లో పచ్చని ఛాయ గల సీనియర్ అసిస్టెంట్ ఒకాయన ఉండేవారు. బుగ్గలు, ముక్కు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. చుక్క ముట్టని మనిషి. అయినా "రాత్రి బాగా పట్టించినట్టున్నారు" అని వెనుక నవ్వుకునేవాళ్ళం. నవ్విన వారిలో నేనూ ఒకడిని. పదవీ విరమణ తర్వాత కళ్ళ మంటలతో బాధపడి, ఒక వైద్యుని ద్వారా ఆయన తన జబ్బు పేరు తెలుసుకున్నారు. పింఛనుదారుల సమావేశంలో ఆ మాట నాతో చెప్పినప్పుడు నేను తలెత్తలేకపోయాను.

మా నవ్వు కొత్తదేమీ కాదు, ఆరు వందల ఏళ్ళనాటిది. 14వ శతాబ్దంలోనే ఫ్రెంచి శస్త్రవైద్యుడు గీ ద షోలియాక్ ముక్కు మీద, బుగ్గల మీద వచ్చే ఈ ఎరుపును గురించి రాశాడు. ఆ శతాబ్దం చివర ఇంగ్లీషు కవి ఛాసర్ తన 'కాంటర్‌బరీ కథలు'లో చర్చి కోర్టు సమన్లు అందించే ఉద్యోగి ఒకరిని చూపించాడు. నిప్పులాంటి ఆ ముఖాన్ని చూసి పిల్లలు జడుసుకుంటారు. పాదరసం, గంధకం, సీసపు తెలుపు ఏవీ పనిచేయవు. పైగా అతడు ద్రాక్షసారాయి ప్రియుడు. అది రొజేషియా అని కొందరు, కుష్ఠు అని కొందరు వైద్యులు నేటికీ వాదిస్తున్నారు. షేక్‌స్పియర్ 'హెన్రీ ది ఫోర్త్' నాటకంలో బార్డాల్ఫ్ ఎర్రముక్కు మీద హాస్యమే హాస్యం. ఎర్రముక్కు అంటే తాగుబోతు అనే ముద్ర ఆ విధంగా స్థిరపడింది. మద్యం కొందరిలో ఎరుపును పెంచే మాట నిజమే. కాని ఎండ, వేడి పానీయాలు, కారం, మానసిక ఆందోళన కూడా పెంచుతాయి. ఎన్నడూ తాగనివారికీ ఈ జబ్బు వస్తుంది.

1813లో లండన్ వైద్యుడు థామస్ బేట్‌మన్ తన గురువు విల్లన్ పద్ధతిని అనుసరించి చర్మవ్యాధుల గ్రంథం ప్రచురించాడు. అందులో దీన్ని మొటిమలలో ఒక రకంగా చేర్చాడు. మొటిమలలో కనిపించే నల్ల మొనలు దీనిలో ఉండవు. అయినా ఆ పేరు, ఆ పొరపాటు చాలాకాలం నిలిచిపోయాయి.

నేటికీ దీన్ని నిర్ధారించే రక్తపరీక్ష లేదు. వైద్యుని కన్నే ఆధారం. లూపస్ వ్యాధిలోనూ బుగ్గలు ఎర్రబడతాయి. 2002లో అమెరికా నిపుణులు దీన్ని నాలుగు రకాలుగా విభజించారు. ఒకే రోగిలో రెండు మూడు రకాలు కలిసి కనిపించడంతో 2017లో ఆ పద్ధతిని సవరించారు. మన చామనఛాయలో ఎరుపు పైకి తెలియదు. పాఠ్యగ్రంథాల్లో చాలాకాలం తెల్లవారి ముఖాలే ఎక్కువగా ఉండేవి. అందువల్ల ఇది మనకు రాని జబ్బుగా చలామణీ అయింది. మనవారు ముఖంలో మంట, వేడి, చిన్న పొక్కులు, కళ్ళలో ఇసుక పడినట్లుండే బాధ గమనించుకోవాలి.

చికిత్స చరిత్రలో మన భీమవరం బిడ్డ ప్రస్తావన రావడం గర్వకారణం. 1945లో లెడర్లీ సంస్థలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనా విభాగానికి అధిపతిగా ఉండగా, బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను వెలికితీశాడు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే ఆది. ఆ కుటుంబపు మందులు రొజేషియాకు నేటికీ వాడుతున్నారు. 1966లో ఇంగ్లండులోని షెఫీల్డ్ వైద్యుడు ఇయాన్ స్నెడన్ టెట్రాసైక్లిన్‌ను ఈ జబ్బుపై ప్రయోగించి ఫలితాలు ప్రచురించాడు.

అదే స్నెడన్ 1969లో ఒక హెచ్చరిక కూడా చేశాడు. ఘాటైన స్టెరాయిడ్ క్రీములు రాస్తే మొదట ముఖం తేటపడుతుంది. మానగానే ఎరుపు రెట్టింపై తిరిగి వస్తుంది. భయపడి మళ్ళీ రాస్తారు, చర్మం పలచబడిపోతుంది. మా మిత్రుడు ఎవరో చెప్పగా మందుల షాపులో ట్యూబు కొని ఏళ్ళ తరబడి రాసుకున్నది ఇలాంటిదే. మన దేశంలో 2018లో 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను చీటీ లేకుండా అమ్మరాదని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. హెచ్చరికకు, ఉత్తర్వుకు మధ్య 49 ఏళ్ళు గడిచాయి!

చర్మరంధ్రాల్లో నివసించే సూక్ష్మమైన పురుగును 1842లో జర్మన్ వైద్యుడు గుస్టావ్ సైమన్ వర్ణించాడు. అది ఆరోగ్యవంతుల ముఖాల్లోనూ ఉంటుంది. అందుకే అది కారణమా కాదా అన్న చర్చ తెగలేదు. 1988లో మెట్రోనిడజోల్ జెల్, 2014లో ఐవర్‌మెక్టిన్ క్రీము అమెరికాలో అనుమతి పొందాయి. బి.పి., షుగర్ లాగే ఇది పూర్తిగా పోయేది కాదు, అదుపులో ఉంచుకోదగినది.

కనుక మిత్రులారా, ముఖం ఎర్రబడి మండుతుంటే షాపు ట్యూబు జోలికి పోక చర్మవైద్యుని చూడండి. కళ్ళు కూడా మండుతుంటే ఆ సంగతి తప్పక చెప్పండి. ఇతరుల ముఖం చూసి అలవాట్లు లెక్కకట్టవద్దు. మా మిత్రునికి నేను క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. గిర్లాండాయో పటంలోని పసివాడికి తాతగారి ముక్కు అడ్డు రాలేదు. చదువుకున్న మాకు ముప్ఫై ఏళ్ళపాటు అడ్డు వచ్చింది.