ఫాంటు మారితే పత్రిక మాయం

1990ల చివర్లో తెలుగు దినపత్రిక సైటు తెరిస్తే ముందుగా కనిపించేది తెలుగు కాదు. పత్రికవాళ్ల ఫాంటు దించుకుని కంప్యూటర్‌లో వేసుకుంటే తప్ప తెరనిండా రోమన్ అక్షరాల గజిబిజే. ఎందుకంటే అక్కడ దాచింది అక్షరాలను కాదు, వాటి ముక్కలను. తలకట్టొక ముక్క, గుడి ఒకటి, ఒత్తొకటి. ఇంగ్లీషు అక్షరాలు కూర్చోవాల్సిన స్థానాల్లో వీటిని ఇరికించేవారు. ఎక్కడ ఏ ముక్క పెట్టాలన్నది ఎవరిష్టం వారిది. ఈనాడు ఫాంటులో ఉన్నది వార్త ఫాంటుతో చదవలేం. ఇక ‘కృష్ణా జలాలు’ అని వెతికితే ఏ సెర్చి ఇంజనూ ఏమీ తేలేదు.

ఫాంటు దించుకునే బెడద తప్పిస్తామని 1997లో రెండు బ్రౌజర్లు రెండు దారులు పట్టాయి. నెట్‌స్కేప్ 4ది ఒక ఫార్మాట్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4ది మరొకటి. సైటు నడిపేవాడు రెండూ తయారుచేసి పెట్టాలి. మైక్రోసాఫ్ట్ పద్ధతిలో ఫాంటును సైటు చిరునామాకు కట్టేయవచ్చు. అలా కట్టేశాక చిరునామా మారిందో, మళ్లీ మొదటికి. కొన్నాళ్లకు నెట్‌స్కేప్ తన దారి తానే మూసేసింది.

అంతకు ముందే అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువాళ్లు ఆర్టీఎస్ అనే పద్ధతి అల్లారు. రోమన్‌లో ఎ, ఎమ్, ఎమ్, ఎ కొడితే అమ్మ. చూడ్డానికి మొరటు. కానీ అందులో దాచింది ముక్కలను కాదు, పలుకుబడిని. తర్వాత ప్రమాణం మారినప్పుడు ఈ రాతను మార్చడానికి ఒక చిన్న ప్రోగ్రామ్ చాలింది. అందమైన ఫాంటుల్లో కూర్చిన పేజీలకు మాత్రం ఫాంటుకొక పట్టిక రాసుకోవాల్సి వచ్చింది. నన్నడిగితే, ఈ కథలో అసలు తెలివైనవాళ్లు ఆ మొరటు రాతవాళ్లే.

ఆ ప్రమాణం యూనికోడ్. 1991 నాటి తొలి కూర్పులోనే తెలుగుకు చోటుంది. జనానికి అందింది మాత్రం 2001లో విండోస్ ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో. అదీ ఊరికే కాదు: కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి టిక్కు పెట్టాలి, ఎక్స్‌పీ సీడీ వేయమంటే వెతికి వేయాలి, రీస్టార్ట్ చేయాలి. ‘మీ సైటులో డబ్బాలు కనిపిస్తున్నాయి’ అన్న ప్రతి పాఠకుడికీ సైటువాళ్లు ఈ తతంగమంతా వివరించాలి.

పాత పేజీల గతేమిటి? 2003లో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జునే ‘పద్మ’ అనే యాడాన్ చేశారు. ఫైర్‌ఫాక్స్‌లో వేసుకుంటే పత్రికల ముక్కల తెలుగును అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చేది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి యాడాన్‌లన్నిటికీ సెలవిచ్చింది. పద్మ తొలి రూపం ఆ పాత పద్ధతిదే.

యూనికోడ్ వచ్చాకా చిక్కులు తీరలేదు. ‘సాఫ్ట్‌వేర్’ అని రాయాలంటే ట్ తర్వాత కంటికి కనబడని ఒక గుర్తు కొట్టాలి. లేదంటే ‘సాఫ్ట్వేర్’ అయి వ ఒత్తు కిందికి దిగుతుంది. ఒకరు కొడతారు, ఒకరు కొట్టరు. వెతుకులాటలో రెండూ వేర్వేరు మాటలై కూర్చుంటాయి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞ’కీ దాని దీర్ఘానికీ మధ్య ఈ గుర్తే దూరితే ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ హడావుడిగా ఐఓఎస్ 11.2.6 విడుదల చేయాల్సి వచ్చింది.

పాత పుస్తకాల్లో కనిపించే నకారపొల్లుకు యూనికోడ్‌లో స్థానం దొరికింది 2021లో. అయినా దాన్ని వెబ్‌లో పెట్టేవాళ్లు ఆ గుర్తున్న ఫాంటును పేజీతోపాటే పంపుకోవాలి. పాఠకుడి ఫోన్‌లోని ఫాంటు పాతదైతే అక్కడ కనిపించేది మళ్లీ డబ్బానే.